పెద్దమ్మ పొయ్యిలో పెట్టిన కాగితం

మొన్న ఊరిగాంలో నేను చదువుకున్న బడిలోనే ఒక సభ పెట్టారు. మా ఊరి నుంచి యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని కుర్రాడి ఫోటో పెట్టి, దండ వేసి, వెనకాల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక బ్యానర్ కట్టారు. భయమే ఎరగని వీరుడని దాని మీద కన్నడంలో బెత్తెడేసి అక్షరాలు. వాళ్ళ పక్కింటిదాన్ని కదా, నన్ను రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. రెండు నిమిషాలట! నా మోకాళ్ళకు ఆ వేదిక మెట్లెక్కడానికే అంత పడుతుంది. ఎక్కాను, నాకు ముందు నలుగురు చెప్పిందే చెప్పాను, దిగాను. ఇంటికొచ్చాక నా మీద నాకే ఒళ్ళు మండింది.

భయం లేదని వీళ్ళకెవరు చెప్పారు? ఆ ఫోటోలో ఉన్న మా అన్నకు భయముండేది. ఎంత భయమో నాకు తెలుసు, ఎందుకంటే దాన్ని నాకు ఒక్కదానికే చెప్పాడు. ఆ మాట మైకులో చెప్పే మాట కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. రాస్తే మళ్ళీ ఎవరో ఒకరు బ్యానర్ కడతారు.

మాది చాంపియన్ రీఫ్స్‌లో, బంగారు గని కార్మికుల లైన్లలో ఒక ఇల్లు. లైన్లంటే బారుగా కట్టిన చిన్న చిన్న ఇళ్ళు. ఒక గోడకు ఇటు మేము, అటు వాళ్ళు. వాళ్ళు క్రైస్తవులు, మేము కాదు. ఆ తేడా నాకు పిండివంటల్లోనే తెలిసేది. ఉగాదికి మా ఓళిగలు, అంటే బొబ్బట్లు, అటు వెళ్ళేవి, క్రిస్మస్‌కు వాళ్ళ కల్‌కల్‌లు ఇటు వచ్చేవి. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆవిడ నాకు పెద్దమ్మ, ఆయన పెదనాయన, వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు నాకు అన్న. అన్నకూ నాకూ పదేళ్ళ తేడా. చర్చి తోటలో జామకాయలు కోయడానికి నన్ను భుజాల మీద ఎక్కించుకునేది అతనే, పాస్టరు గారి పొడిదగ్గు వినపడితే నన్ను చెట్టు మీదే వదిలేసి పారిపోయేదీ అతనే.

పెదనాయన పని భూమి అడుగున. తవ్విన దారులు కూలకుండా కొయ్య దిమ్మెలు ఆనించి నిలబెట్టేవాడు. షిఫ్టు దిగి వస్తే ఆయన కంటే ముందు ఆయన వాసన గుమ్మంలోకి వచ్చేది. తడి కొయ్య, చెమట, బీడీ. చంకలో ఎప్పుడూ రెండు కొయ్యముక్కలు ఉండేవి. వాటితోనే పెద్దమ్మ పొయ్యి వెలిగేది. ఆ పొగలో ఉడికిన రాగిసంగటి, గోంగూర పులుసు రుచి నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. నా చేత్తో నేను వండుకున్నా రాలేదు. గాలి కాలంలో గని మట్టి దిబ్బల నుంచి తెల్లదుమ్ము లేచి ఇళ్ళలోకి కొట్టేది. సంగటి కుండ మీద మూత జరగకుండా చూడటం నా పని. ఆ పని చేస్తూ మూత కిందికి వేలు పోనిచ్చి రుచి చూడటం కూడా నా పనే.

ఇంకొకటి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. అప్పుడప్పుడు అడుగున బండ పగిలేది. పైన మా ఇళ్ళు వణికేవి, అలమరలో గిన్నెలు దొర్లేవి. ఆ మరుక్షణం లైన్లలో ఆడవాళ్ళందరూ ఎక్కడి పని అక్కడ వదిలేసి, గనిలోకి దిగే షాఫ్టు గేటుకు పరుగెత్తేవాళ్ళు. ఎవరూ ఎవరినీ పిలిచేవాళ్ళు కాదు. గేటు దగ్గర టైమాఫీసు గుమాస్తా బయటికొచ్చి పేర్లు చదివేదాకా అట్లాగే నిలబడేవాళ్ళు. పెద్దమ్మ ఆ గేటు దగ్గర నిలబడి ఒకసారి వాళ్ళ నాయన పేరు విన్నది, ఇంకోసారి తమ్ముడి పేరు విన్నది. కొడుకును మాత్రం కిందికి పంపేది లేదని తీర్మానం చేసుకుంది.

పెదనాయన తీర్మానం వేరు. ఆ ఇద్దరి వాదన నేను గోడకు ఇవతల పడుకుని ఎన్నిసార్లు విన్నానో.

"నా సర్వీసు అయిపోతే ఈ ఇల్లు ఎవురిది? కంపెనీది. వాడు పన్లో చేరితేనే మనకు నీడ," అనేవాడు ఆయన.

"నీడ లేకుంటే ఎండలో ఉందాం. నావాళ్ళు ఇద్దరు పోయినారు కింద. ఇంగ చాలు నాకు."

"ముప్పై ఏండ్లుగా నేను దిగతా ఉండా. నాకేమైంది?"

"నీకేమైందో నాకేం తెలుసు? నువ్వు చెప్తివా ఎప్పుడన్నా?"

అక్కడితో ఆయన బీడీ ముట్టించుకునేవాడు. అన్న పేరు మాత్రం కార్మికుల పిల్లల జాబితాలో రాయించి, పిలుపు కోసం ఎదురుచూసేవాడు.

ఆ పిలుపు ఒక మధ్యాహ్నం వచ్చింది. ఇంట్లో పెద్దమ్మ, నేను ఇద్దరమే ఉన్నాం. కంపెనీ ప్యూను కాగితం ఇచ్చి వెళ్ళాడు. పెద్దమ్మకు చదువు రాదు. నేను మూడో తరగతి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేదాన్ని. "చదువు పాపా," అని నా చేతిలో పెట్టింది. నాకు అందులో ఒక్క మాటే తెలిసింది. ఊళ్ళో ఎన్నో బోర్డుల మీద చూసిన మాట. "అండర్‌గ్రౌండ్," అన్నాను.

ఆవిడకు అంతకంటే అక్కర్లేదు. కాగితం నా చేతిలోంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, సంగటి కుండ కింద మంటలోకి తోసింది. అది పూర్తిగా నల్లబడేదాకా పుల్లతో కదిపింది. తర్వాత నా నోట్లో ఇంత బెల్లం ముక్క పెట్టి, "ఏ కాగితమూ రాలేదు. తెలిసెనా?" అంది. తెలిసిందని తల ఊపాను. బెల్లం అడ్డమొచ్చి మాట రాలేదు.

పెదనాయన ఏడాది పాటు ఆఫీసు గుమాస్తాను తిట్టిపోశాడు. తన కొడుకు పేరు దాటేసి ఎవరికో ఇచ్చేశారని ఆయన నమ్మకం. ఆయన తిడుతున్నప్పుడల్లా పెద్దమ్మ నా వైపు చూసేది కాదు, నేను ఆవిడ వైపు చూసేదాన్ని కాదు. ఈలోగా రాబర్ట్‌సన్‌పేటలో మిలిటరీవాళ్ళు మనుషుల్ని ఎంచుకుంటున్నారని తెలిసి అన్న వెళ్ళాడు. ఎత్తు సరిపోయింది, ఛాతీ సరిపోయింది, తీసుకున్నారు.

పెద్దమ్మ ఆ రోజు లైనంతా తిరిగి చక్కెర పంచింది. "మిలిటరీ అంటే ఏంది? పైన ఆకాశం ఉండాది, కింద నేల ఉండాది. నెత్తిన బండ పడేది లేదు గదా," అని అందరితో అంది. నవ్వొస్తుందేమో మీకు. మా లైన్లలో ఒక్కరూ నవ్వలేదు. అవును తల్లీ, గండం గడిచింది అన్నారు. మా అమ్మ కూడా అంది. చావంటే కింది నుంచి వచ్చేదనే మా అందరికీ తెలుసు. ఇంకో దిక్కు నుంచి కూడా వస్తుందని ఎవరికీ తట్టలేదు.

రెండేళ్ళ తర్వాత ఎండాకాలంలో అన్న సెలవు మీద వచ్చాడు. నల్లగా, సన్నగా, జుట్టు కత్తిరించి, ఎవరో కొత్త మనిషిలా ఉన్నాడు. నోరు తెరిస్తే మాత్రం మా అన్నే. పెద్దమ్మకు శాలువా, పెదనాయనకు కంబళి, నాకు ఒక సంచీడు కిస్‌మిస్‌లు తెచ్చాడు. నేను ఒక్క రోజులో తినేసి రెండు రోజులు కడుపునొప్పితో పడుకున్నాను. సెలవు అయిపోవస్తుండగా నన్ను రాబర్ట్‌సన్‌పేటకు తీసుకెళ్ళి, మధ్యాహ్నం ఆట సినిమా చూపించి, హోటల్లో మసాలా దోసె పెట్టించాడు. నాకు పదకొండేళ్ళు. ఆ దోసె ముందు కూర్చున్నాక, మూడేళ్ళుగా లోపల దాచింది ఇంక ఆగలేదు.

"అన్నా, నేనొక తప్పు చేసినా."

"మళ్ళీ జామకాయలా?"

"కాదు. నీకు కంపెనీ కాగితం వచ్చినాది. పెద్దమ్మ పొయ్యిలో పెట్టింది. చదివింది నేనే."

నవ్వాడు. "తెలుసులే పాపా. ఆ ప్యూను ఆ సాయంత్రమే నాకు ఎదురుపడి, మిఠాయి యాడప్పా అని అడిగినాడు. తెల్లారి నేనే ఆఫీసుకు పోయి, నాకీ పని వద్దని సంతకం పెట్టి వచ్చినా. అమ్మ కాల్చినా అంతే, కాల్చకున్నా అంతే."

"ఎందుకు వద్దన్నావు?"

దోసె ముక్క తుంచాడు, తినలేదు. "బయం," అన్నాడు.

నేను నమ్మలేదు. మిలిటరీ మనిషికి భయమేమిటి? అప్పుడు చెప్పాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు పెదనాయన ఎవరినో బతిమాలి అతన్ని ఒకసారి కేజ్‌లో, అంటే మనుషుల్ని గనిలోకి దించే ఇనప బోనులో, అడుగుకు తీసుకెళ్ళాడట, పని చూపిద్దామని.

"కేజ్ గేటు పడె. అంతే పాపా, కాళ్ళ కింద ఏమీ లేదు. చెవులు మూసుకుపొయ్యె. చీకటి. దిగతా ఉంది, దిగతానే ఉంది. ఇంగ చచ్చిపోయినా అనుకున్నా. పాంటు తడిసిపొయ్యె. బుడ్డిలో నీళ్ళు మీద పోసుకొని, చెమట నాయనా అని చెప్పినా."

నాకు నవ్వాగలేదు. పక్క బల్లలవాళ్ళు తిరిగి చూశారు. అతనూ నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు.

"నవ్వు, నవ్వు. ఎవురికీ చెప్పొద్దు గాని. నాయనకైతే అసలే చెప్పొద్దు. ముప్పై ఏండ్లు దిగిన మనిషి. కొడుకు కేజ్ చూసి పాంటు తడుపుకున్నాడంటే లైన్లో తలెత్తుకుంటాడా?"

"మిలిటరీలో బయం లేదా మరి?"

"ఎందుకు లేదు? అందరికీ ఉండాది. ఆడ రాత్రి కూచుని ఒకరికొకరు చెప్పుకుంటాం. చెప్పుకుంటే సగం పోతాది. ఇంట్లోనే చెప్పలేకపోతిని."

వినాయకుడి మీద ఒట్టు పెట్టించుకున్నాడు, ఇంకో దోసె తెప్పించాడు. తర్వాతి వారం రైలెక్కాడు. మళ్ళీ చూడలేదు.

యుద్ధం వచ్చింది చలికాలంలో. క్రిస్మస్ దగ్గర పడుతోంది. వాళ్ళ వాకిట్లో లైనులో ఆడవాళ్ళందరూ కూర్చుని కల్‌కల్‌లు చుడుతున్నారు. మైదాపిండి ముద్దను చిటికెడు తీసి, కొత్త దువ్వెన పళ్ళ మీద ఒత్తి, చుట్టి, నూనెలో వేయించి చక్కెర పాకం పట్టేవాళ్ళు. నేను ఒత్తినవి ఎప్పుడూ సరిగా చుట్టుకోవు, అందుకని విరిగినవి నావి. యాలకుల వాసన, నూనె వాసన, ఎవరో పాట. అప్పుడు తపాలా మనిషి సైకిలు దిగి, పెదనాయన పేరు గట్టిగా అరిచి, "తంతి వచ్చిందమ్మా," అన్నాడు.

పెద్దమ్మ ఆ టెలిగ్రాం కాగితం కోసం చెయ్యి చాపలేదు. ఇంటి మగవాడి పేరు అట్లా అరిచి చెప్పారంటే ఆవిడకు ఒక్కటే అర్థం. లేచి, చేతులకు పిండితోనే, షాఫ్టుకు పరుగెత్తింది. ఆవిడ వెనక ఆడవాళ్ళందరూ. వాళ్ళ వెనక నేను. నూనె మూకుడు పొయ్యి మీదే మాడింది. ఇల్లు వణకలేదే, గిన్నె దొర్లలేదే అని ఒక్కరికైనా తోచలేదు. తపాలా మనిషి వెనక నుంచి ఏదో అరుస్తున్నాడు.

గేటు దగ్గర టైమాఫీసు గుమాస్తా బిత్తరపోయాడు. బోర్డు మీద పెదనాయన నంబరు బిళ్ళ చూసి, కిందికి ఫోను చేసి కనుక్కున్నాడు. "ఏం కాలేదు తల్లీ. నీ మొగుడు బాగుండాడు. పన్లో ఉండాడు. ఎవురు చెప్పినారు నీకు?" అన్నాడు.

పెద్దమ్మ అక్కడే నేల మీద కూలబడి, పిండి చేతులు పైకెత్తి, "స్తోత్రం ప్రభువా, స్తోత్రం," అంది. నవ్వింది. అందరూ నవ్వారు. మా అమ్మ పెద్దమ్మ వీపు మీద చరిచి, "ఏం మనిషివే, మా ప్రాణాలు తీసేస్తివి," అంది. పెద్దమ్మ అంతలా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. ఆ నవ్వులో ఉండగానే తపాలా మనిషి సైకిలు తొక్కుకుంటూ అక్కడికి వచ్చాడు. తంతి కాగితాన్ని గుమాస్తా చేతికిచ్చాడు. గుమాస్తా చదివి, టోపీ తీసేశాడు.

తర్వాత జరిగింది నేను ఎక్కువ రాయలేను. పెదనాయనను షిఫ్టు మధ్యలో పైకి పిలిపించారు. కేజ్ దిగి వస్తూ ఆయన ముందు పెద్దమ్మను చూశాడు, తర్వాత అందరినీ చూశాడు. ఎవరూ ఏమీ చెప్పకుండానే తలకున్న దీపం ఆర్పేశాడు.

మనిషిని తీసుకురాలేదు. అక్కడెక్కడో వాళ్ళే మట్టి చేశారట. ఊరంతా వచ్చింది, ఆఫీసర్లు వచ్చారు, చర్చిలో ప్రార్థన చేశారు, మైదానంలో ఉపన్యాసాలు చెప్పారు. ప్రతి ఒక్కరూ ధైర్యం ధైర్యం అన్నారు. పెదనాయన ఆ మాట విన్నప్పుడల్లా వీపు నిటారుగా చేసుకునేవాడు. పెద్దమ్మ మాత్రం అన్నం ముట్టలేదు. "నేనే చంపుకున్నా, నా చేత్తో నేనే కాల్చుకున్నా," అని గోడ వైపు తిరిగి గొణిగేది. దుఃఖంలో ఏదో అంటోంది పాపం అనుకున్నారు అందరూ. ఆవిడ ఏ కాల్చడం గురించి చెబుతోందో నాకు ఒక్కదానికే తెలుసు.

ఇప్పుడు చూడండి నా గతి. చెబితే ఆ తల్లి బతుకుతుంది. చెబితే ఒట్టు పోతుంది, పైగా ఊరంతా వీరుడంటున్న మనిషిని పిరికివాడని నేనే అన్నట్టవుతుంది. పెదనాయన చెవిన పడితే ఆయన వీపు మళ్ళీ వంగిపోతుంది. పదకొండేళ్ళ పిల్లను. ఒట్టు తప్పితే కళ్ళు పోతాయని గట్టిగా నమ్మేదాన్ని. రెండు వారాలు జ్వరం వచ్చి పడుకున్నాను. మా అమ్మ దిష్టి తీసింది, పాస్టరు గారు నూనె రాశారు. ఏదీ పనిచేయలేదు.

జ్వరం తగ్గిన రోజు, అమ్మ ఇచ్చిన గంజి గిన్నె పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యిలో మంట లేదు. గంజి వద్దంది. నేను గిన్నె కింద పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఇవి పోతే పోనీ అనుకుని, గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేశాను. ప్యూను, సంతకం, కేజ్, బుడ్డిలో నీళ్ళు, అన్నీ.

ఆవిడ నా గడ్డం పట్టుకుని, "మళ్ళీ చెప్పు," అంది. చెప్పాను. "వాడే సంతకం పెట్టినాడా? వాడే?" అంది. వాడే అన్నాను. మూడోసారి చెప్పించుకుంది. పాంటు తడిసిన దగ్గర ఆవిడకు ముందు నవ్వు వచ్చింది, దాని వెంటే ఏడుపు వచ్చింది. "నా మాదిరే పిరికోడు నా బిడ్డ. నా మాదిరే," అని నన్ను ఒళ్ళోకి లాక్కుంది. ఆ రెండు వారాల్లో ఆవిడ నోరు తెరిచి ఏడవడం అదే మొదలు.

నేను కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో పెదనాయన. షిఫ్టు దిగి, చంకలో కొయ్యముక్కలతో. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలీదు, ముఖం చూస్తే అంతా విన్నాడని తెలిసింది. కాగితం కాల్చిన సంగతి, ఏడాది పాటు తను తిట్టిన గుమాస్తాది ఏ తప్పూ లేదన్న సంగతి, కొడుకు భయం, అన్నీ ఒక్కసారే విన్నాడు. పెద్దమ్మ నన్ను ఇంకా గట్టిగా పట్టుకుంది. కొడతాడేమోనని నేను కూడా అనుకున్నాను.

ఆయన కొయ్యముక్కలు కింద పెట్టి మా ఎదురుగా చతికిలబడ్డాడు.

"నాకు మాత్రం లేదా బయం?" అన్నాడు. "ముప్పై ఏండ్లు. దినామూ. గేటు పడినప్పుడంతా కండ్లు మూసుకుంటా, కిందికి పొయ్యేదాకా తెరవను. పక్కనోడు చూస్తాడని ఈల వేస్తా ఉంటా. మొగోడు ఎవురితో చెప్పుకుంటాడు అది? వాడు ఒక్క మాట నాతో అనింటే, రారా నాయనా అని పక్కన కూచోబెట్టుకోనా?"

పెద్దమ్మ వైపు తిరిగి, "నువ్వు కాల్చింది మంచి పనే. నేనే కాల్చాల్సింది," అన్నాడు.

ఆ ఇంట్లో ఆ మాట తర్వాత ఇంక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆయనే పొయ్యి వెలిగించాడు. పెద్దమ్మ లేచి సంగటి కెలికింది. పులుసు లేదు, ఉల్లిపాయ, ఉప్పుకారం నంజుకుని తిన్నాం, ముగ్గురం ఒకే పళ్ళెంలో. ఆవిడ మొదటి ముద్ద నా నోట్లో పెట్టి, రెండోది తను తింది.

ఆయన సర్వీసు అయిపోయాక నిజంగానే ఆ ఇల్లు పోయింది. ఊరిగాంలో చర్చి వెనక ఒక అద్దె గదికి మారారు. ఇప్పుడు గనులు మూతపడ్డాయి, మా లైన్లలో సగం ఇళ్ళకు కప్పులు లేవు. ఆ ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. వాళ్ళను తలచుకుంటే నాకు దుఃఖం కంటే ముందు కృతజ్ఞతే వస్తుంది. అంత దుఃఖంలో ఉండి కూడా వాళ్ళు ఒక చిన్నపిల్ల మోస్తున్న బరువును గుర్తించి దించారు. ఒట్టు తప్పావేమని అడగలేదు. నీకెందుకు చెప్పాడని ఈర్ష్య పడలేదు. నాతో ఆ మాట చెప్పుకున్నందుకు అన్నకు కూడా నేను రుణపడి ఉన్నాను. చెప్పకపోయి ఉంటే ఆ తల్లి ఆ గోడ వైపు తిరిగే పోయేది.

ఆ సాయంత్రం పెదనాయన నన్ను ఇంటికి దిగబెట్టడానికి వచ్చాడు. దిగబెట్టడమంటే పక్క గుమ్మం దాకా, పది అడుగులు. ఆ పది అడుగుల్లో నా చెయ్యి పట్టుకుని, "పాపా, ఇంగ నీకు ఎప్పుడన్నా బయమేస్తే నాకు వచ్చి చెప్పల్ల. ఎంత సిగ్గుదైనా సరే. వాడు చెప్పలేదు, నువ్వు చెప్పు," అన్నాడు.

చెప్పాను. లెక్కల పరీక్షకు ముందు చెప్పాను. మా నాన్న దగ్గులో రక్తం చూసిన రోజు చెప్పాను. టీచరు ఉద్యోగంలో చేరి, మొదటిసారి నలభైమంది పిల్లల ముందు నిలబడాల్సిన పొద్దున చెప్పాను. నా పెళ్ళికి ముందు రోజు పసుపు చీరతోనే చర్చి వెనక ఆ గదికి వెళ్ళి, నాకు భయమేస్తోంది పెదనాయనా అన్నాను. ఆయన నవ్వలేదు. మంచం మీద పక్కకు జరిగి, నాకు చోటిచ్చాడు.